ధైర్యం చెప్పకండి, పని చెప్పండి

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీ అబ్బాయికి పదిహేనేళ్ళు నిండాయి, పదో తరగతి పరీక్షలు అయిపోవచ్చాయి. మే నెలలో వాళ్ళ బడిలోని స్కౌట్ పిల్లలు పది రోజులు నేపాల్ వెళ్తున్నారు. విశాఖపట్నం నుంచి హౌరా, అక్కడి నుంచి రక్సౌల్, సరిహద్దు దాటి బీర్‌గంజ్, ఆ పైన కాఠ్మాండూ. పేరు తనే ఇచ్చాడు. డబ్బు కట్టిన మర్నాటి నుంచి భయం పట్టుకుంది. రాత్రి నిద్ర లేదు, పొద్దున్నే కడుపునొప్పి, "నేను వెళ్ళనమ్మా, తప్పిపోతాను" అని ఒకటే మాట. ఏడేళ్ళప్పుడు సింహాచలం గిరి ప్రదక్షిణలో, అప్పుఘర్ దగ్గర జనం సముద్రస్నానాలు చేసే చోట, గంటసేపు తప్పిపోయాడని రాశారు. వాళ్ళ నాన్నగారు "మగపిల్లవాడివి, సిగ్గు లేదా" అంటున్నారు. మానిపించేద్దామా అని మీరు అడుగుతున్నారు.

మానిపించకండి. అలాగని ఇప్పుడున్న స్థితిలో రైలెక్కించకండి కూడా. చేతిలో ఆరు వారాలు ఉన్నాయి, వాటిని వాడుకోవాలి.

నేను విశాఖలో 31 సంవత్సరాలు సాంఘికశాస్త్రం చెప్పాను. స్కౌట్ మాస్టారుగా పిల్లలను వెంటబెట్టుకుని తొమ్మిదిసార్లు నేపాల్, రెండుసార్లు భూటాన్ వెళ్ళివచ్చాను. ఏ ఏడాది జట్టులోనైనా మీ అబ్బాయిలాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. చెప్పేదంతా వాళ్ళ దగ్గర నేర్చుకున్నదే. కొంత తప్పులు చేసి నేర్చుకున్నాను, ఆ తప్పులు కూడా చెబుతాను.

ముందు కడుపునొప్పి సంగతి. అది నటన కాదు. ప్రమాదం వస్తోందని మెదడు అనుకున్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగం పెరుగుతుంది, రక్తం జీర్ణాశయం నుంచి కండరాల వైపు మళ్ళుతుంది. కడుపులో తిప్పడం, పట్టేసినట్టు ఉండడం దాని ఫలితమే. కాబట్టి "బడి ఎగ్గొట్టడానికి వేసే వేషాలు" అని ఎవరూ అనవద్దు. నొప్పి నిజం, కారణం కడుపులో లేదు, అంతే. నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఆరు లెక్కపెడుతూ నిదానంగా వదలడం నేర్పించండి. వదలడం ఎక్కువసేపు ఉంటే గుండె వేగం కొంత తగ్గుతుంది. ఇది భయాన్ని పోగొట్టదు. భయంతోనే లేచి నిలబడడానికి కాస్త వీలు ఇస్తుంది.

ఇక మానిపిస్తే ఏమవుతుందో చూడండి. "సరేలే, వెళ్ళవద్దు" అన్న క్షణంలో వాడి గుండె కుదుటపడుతుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోతాడు. మీకూ ఊపిరి తిరుగుతుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. తప్పించుకున్నందుకు మెదడుకు దొరికిన బహుమానం అది, వచ్చేసారి ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా దాన్నే కోరుతుంది. ఈ ఏడాది నేపాల్, పై ఏడాది ఇంటర్ హాస్టల్, ఆ తరువాత వేరే ఊళ్ళో పరీక్ష. పదిహేనేళ్ళ వయసులో నేపాల్ మానేసిన పిల్లవాడు ఇరవై రెండేళ్ళకు హైదరాబాద్‌లో ఉద్యోగం మానుకోవడం నేను చూశాను. తెలివైన పిల్లవాడు. ఇప్పటికీ తలచుకుంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఆ ఏడాది వాళ్ళ ఇంటివాళ్ళతో "పోనీలెండి, మానిపించండి" అన్నది నేనే.

1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, కుందేలును చూస్తే హడలిపోయే పీటర్ అనే పసివాడితో తాను చేసిన పనిని ప్రచురించారు. మొదలుపెట్టేనాటికి వాడికి మూడేళ్ళు నిండలేదు. వాడు ఇష్టమైనది తింటూ ఉండగా, బోనులో ఉన్న కుందేలును వాడు ఓర్చుకోగలిగినంత దూరంలో ఉంచేవారు. క్రమంగా దగ్గరికి జరిపారు. కుందేలంటే భయం లేని పిల్లలను కూడా వాడి పక్కన ఆడుకోనిచ్చారు. చివరికి వాడే దాన్ని నిమిరాడు. భయానికి చేసే చికిత్సల్లో ఈనాటికీ ఎక్కువగా నమ్మదగినది ఈ దారిదే: భయపెట్టే దాన్ని ముక్కలు చేసి, చిన్న ముక్కతో మొదలుపెట్టి, తప్పించుకోకుండా దాని దగ్గర కాసేపు ఉండడం. మీ అబ్బాయికి నేపాల్ ఒక పెద్ద కుందేలు. ఇవాళ అది గది ఆ చివరన ఉంది.

ఇప్పుడు మీ సంగతి, అమ్మా. నొచ్చుకోకండి. రేపు ఒక కాగితం తీసుకుని, "ఏమీ కాదు నాన్నా" అని మీరు అన్నప్పుడల్లా ఒక గీత పెట్టండి. సాయంత్రానికి ఇరవై దాటితే ఆశ్చర్యపోకండి. వాడు అడుగుతాడు, మీరు ఏమీ కాదంటారు, ఆ మాట అరగంట పనిచేస్తుంది, మళ్ళీ అడుగుతాడు. వాడికి అందులో వినిపించేది ఇంకొకటి ఉంది: అమ్మ ఇన్నిసార్లు చెప్పవలసి వస్తోందంటే ఏదో ఉండే ఉంటుంది. మన భాషలో ధైర్యం చెప్పడం అనే మాట చాలా సహజంగా నోటికి వస్తుంది, చెబితే వచ్చేదేమో అన్నట్టుగా. నా అనుభవంలో అది చెబితే వచ్చింది తక్కువ. పని చెబితే వచ్చింది.

ఒక పిల్లవాడి కథ చెబుతాను. ఆ ఏడాది మా జట్టులో 22 మంది. వాళ్ళలో ఒకడు పెదజాలారిపేట నుంచి వచ్చేవాడు. తండ్రి సముద్రం మీద వేటకు వెళ్ళే మనిషి. కొడుకు మాత్రం ఇల్లు వదిలి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోలేదు, సొంత మేనమామ ఇంట్లో కూడా. ప్రయాణం పది రోజులు ఉందనగా వాళ్ళ అమ్మ నా దగ్గరికి వచ్చి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాడిని బడి మెట్ల మీద కూర్చోబెట్టుకుని, దేనికి భయమో ఒక్కటొక్కటిగా చెప్పమన్నాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. తరువాత మెల్లగా బయటపడింది. వాడి భయం తన గురించి కాదు. నాన్న వేటకు వెళ్ళి రాని రాత్రి తాను ఇంట్లో లేకపోతే నాన్న తిరిగి రాడని వాడి నమ్మకం. ఎప్పుడో తుపాను రోజుల్లో తండ్రి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఆ రెండు రాత్రులూ పిల్లవాడు గడప దగ్గర కూర్చున్నాడు. నాన్న వచ్చాడు. కాబట్టి తాను కూర్చున్నందుకే వచ్చాడు. చిన్న మనసు కట్టుకున్న లెక్క అది.

ఈ సంగతి తెలియకుండా వాడికి ఎన్నిసార్లు "నీకేమీ కాదు" అన్నా ఏం లాభం? అందుకే మీ అబ్బాయిని కూడా అడగండి. "తప్పిపోతాను" అన్నది పైకి కనిపించే మాట. తప్పిపోతే తరువాత ఏమవుతుందని వాడి ఊహ? ఎవరో ఎత్తుకుపోతారనా, మీరు వెతకడం మానేస్తారనా, అందరిలో ఏడిస్తే నవ్వుతారనా? అప్పుఘర్ దగ్గర ఆ గంటలో వాడు ఏమనుకున్నాడో మీకు ఎప్పుడైనా చెప్పాడా? ఆ గంట గురించి ఎవరూ వాడిని అడిగి ఉండరు. దొరికాడు కదా అని దిష్టి తీసి అన్నం పెట్టి ఉంటారు. మా ఇంట్లోనైనా అదే చేసేవాళ్ళం.

పెదజాలారిపేట కుర్రవాడికి నేను అప్పగించిన పని లెక్క. దిగిన ప్రతి స్టేషన్‌లో, ఎక్కిన ప్రతి బస్సులో తలలు లెక్కపెట్టి నాకు చెప్పాలి. వాడు "22" అనేదాకా బండి కదలదు. ఎవరో ఒకరిని కనిపెట్టుకుని ఉండడం వాడికి పుట్టుకతో అబ్బిన గుణం, గడప దగ్గర చేసింది అదే కదా. దాన్నే ఇక్కడ వాడుకోమన్నాను.

రక్సౌల్‌లో మిట్టమధ్యాహ్నం దిగాము. ఎండ మాడ్చేస్తోంది. సరిహద్దు దారి పొడవునా సరుకు లారీలు వరుసకట్టి ఉన్నాయి, వాటి మధ్యలోంచి గుర్రపుబళ్ళు, సైకిళ్ళు, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు. సిర్సియా నది మీద మైత్రీ వంతెన దాటి బీర్‌గంజ్ వైపు ఆగి నేను లెక్కపెట్టుకున్నాను. 22. సరే అనుకుని బస్సు వైపు నడవబోతుంటే ఎవరో చొక్కా పట్టుకుని లాగారు. చూస్తే వీడు. నోట మాట రావడం లేదు. వేళ్ళతో చూపించాడు: రెండు, ఒకటి. 21. నేను మళ్ళీ లెక్కపెట్టాను. నీళ్ళ సీసాలు అమ్ముకుంటున్న ఒక పిల్లవాడిని కూడా కలిపి లెక్కవేశాను. ఇన్నేళ్ళ అనుభవం ఉండి అంత తప్పు చేశాను. ఆ తప్పు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు చల్లబడుతుంది.

మిగతావాళ్ళను తోటి ఉపాధ్యాయుడికి అప్పగించి వెనక్కి తిరిగాను. వీడు నా వెంట వచ్చాడు. "నువ్వు ఇక్కడే ఉండు" అన్నాను. "లెక్క నాది కదా మాస్టారూ" అన్నాడు. చెయ్యి పట్టుకుంటే మంచుముద్దలా ఉంది. వంతెన మీద జనం ఎదురుగా తోసుకువస్తున్నారు. ఇద్దరం మళ్ళీ మన దేశంలోకి వచ్చాము. తప్పిపోయినవాడు చెప్పు తెగి, రక్సౌల్ వైపు రోడ్డు పక్కన ఒక ముసలాయన దగ్గర కుట్టించుకుంటూ నిశ్చింతగా కూర్చుని ఉన్నాడు. వాడిని ముందుగా చూసింది నేను కాదు. ముగ్గురం కలిసి మళ్ళీ వంతెన దాటాము. రాత్రి పూట పక్కింటికి వెళ్ళని పిల్లవాడు అరగంటలో మూడుసార్లు దేశ సరిహద్దు దాటాడు. బస్సు వెనక్కి వెళ్ళి వాంతి చేసుకున్నాడు. ఆ రాత్రి బస చేసిన చోట అమ్మ కావాలని ఏడ్చాడు. పొద్దున్నే లేచి లెక్కపెట్టాడు.

ఆ పది రోజుల్లో వాడి భయం మాయమైపోయిందని చెబితే అబద్ధం అవుతుంది. తిరుగు ప్రయాణంలో కూడా రాత్రిపూట రైలు మరుగుదొడ్డికి వెళ్ళాలంటే స్నేహితుడు బయట నిలబడాలి. కానీ విశాఖ స్టేషన్‌లో దిగాక ఒకటి చూశాను. వాళ్ళ అమ్మ ప్లాట్‌ఫారం మీద చేతులు చాచి పిలుస్తోంది. వాడు వెళ్ళలేదు. ఒక్కొక్కరినీ వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి తీసుకువెళ్తుంటే లెక్క తగ్గించుకుంటూ, ఆఖరివాడు వెళ్ళేదాకా నా పక్కనే నిలబడ్డాడు. అప్పుడు వెళ్ళి అమ్మను పట్టుకున్నాడు.

సముద్రం ఒడ్డున కూర్చున్న హనుమంతుడికి జాంబవంతుడు బలం గుర్తుచేశాడని అందరం చెప్పుకుంటాము. బయలుదేరేటప్పుడే రాముడు ఆయన చేతికి ఉంగరం ఇచ్చి పంపాడన్నది అంతగా చెప్పుకోము. నాకు ఆ ఉంగరమే ముఖ్యం అనిపిస్తుంది. ఒకరికి చేర్చవలసినది చేతిలో ఉంది. మీ అబ్బాయి చేతిలో ఏం పెట్టాలో వాళ్ళ మాస్టారుతో ఇప్పుడే మాట్లాడండి. ఉత్తుత్తి పని కాకూడదు, పిల్లలు వెంటనే పసిగడతారు. వాడు చేయకపోతే నిజంగా ఇబ్బంది కలిగే పనే కావాలి. మందుల సంచి కావచ్చు, జమాఖర్చుల పుస్తకం కావచ్చు, వాడికంటే చిన్నవాడి బాధ్యత కావచ్చు. తప్పిపోతానని భయపడేవాడికి లెక్క అప్పగించడం నాకు మంచిదనిపిస్తుంది, కానీ వాడిని మీరు ఎరుగుదురు, నేను ఎరుగను.

ఇక ఈ ఆరు వారాలు. మీరు మద్దిలపాలెంలో ఉంటున్నామన్నారు కాబట్టి ఇలా అనుకుంటున్నాను.

మొదటి ఆదివారం భీమిలి. బీచ్ రోడ్డు వెంట బస్సులో ఒక్కడే వెళ్ళాలి. అక్కడ బస్టాండులో తిరుగు బస్సులు ఎప్పుడెప్పుడు ఉన్నాయో ఒక మనిషిని అడిగి కాగితం మీద రాసుకుని రావాలి. ఫోనులో చూసి రాయకూడదు. తెలియని మనిషిని నోరు తెరిచి అడగడమే ఆ రోజు పని, బస్సు ప్రయాణం దానికి సాకు. వెళ్ళాక ఒకసారి, బయలుదేరేటప్పుడు ఒకసారి ఫోను చేస్తే చాలు. మధ్యలో మీరు చేయకూడదు. మీకు కష్టంగా ఉంటుంది, తెలుసు.

తరువాతి వారం సింహాచలం. మీరు కొండ కింద తొలిపావంచా దగ్గర కూర్చోండి, వాడు మెట్లదారిన పైకి వెళ్ళి దర్శనం చేసుకుని రావాలి. జనం ఉన్న రోజు చూసుకుని వెళ్ళండి. వెళ్ళే ముందు ఒక్కటే అడగండి: "ఇప్పుడు తప్పిపోతే ఏం చేస్తావు?" జవాబు వాడే చెప్పాలి. చెప్పలేకపోతే నేర్పండి. కదలకుండా ఉన్నచోటే నిలబడాలి, వెతికేవాళ్ళు వెనక్కి వస్తారు. ఎవరినైనా అడగాలంటే యూనిఫారంలో ఉన్నవాళ్ళను, దుకాణంలో కూర్చున్నవాళ్ళను, పిల్లలతో ఉన్న ఆడవాళ్ళను అడగాలి. ఎక్కడికి వెళ్ళినా, విడిపోతే కలుసుకునే చోటు ముందే అనుకోవాలి. ఏడేళ్ళ పిల్లవాడికి ఇవేవీ తెలియవు. పదిహేనేళ్ళవాడికి తెలుసునని వాడి ఒంటికి తెలియాలి. అది మెట్ల మీద నడిస్తే తెలుస్తుంది, ఇంట్లో కూర్చుని వింటే తెలియదు.

వీలైతే అరకు రైలు కూడా ఎక్కించండి, స్నేహితులతో. దారిలో చాలా సొరంగాలు. పెట్టె అంతా చీకటైనప్పుడు పిల్లలందరూ అరుస్తారు, వాడూ అరుస్తాడు. మంచిదే.

అన్నిటికన్నా నేను పట్టుబట్టి చేయించేది బరంపురం ప్రయాణం. హౌరా దారిలోనే ఉంది, పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. పలాస దాటి, ఇచ్ఛాపురం దాటగానే స్టేషన్ బోర్డుల మీద మన అక్షరాలు పోతాయి, గుండ్రటి ఒడియా అక్షరాలు వస్తాయి. పిల్లవాడి జీవితంలో అదే మొదటి సరిహద్దు. గీత ఎక్కడుందో ఎంత వెతికినా కనిపించదు. అదే కొబ్బరిచెట్లు, అవే జీడితోటలు. దిగాక ఊళ్ళో ఎక్కడో ఒకచోట తెలుగు వినిపిస్తుంది, బరంపురంలో మనవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. మీరు వేరే పెట్టెలో కూర్చోండి. తిరుగు టికెట్ వాడే కొనాలి, భోజనం ఎక్కడ చేయాలో వాడే చూడాలి. ఏదో ఒకటి తప్పు జరిగితే చాలా మంచిది. తప్పు ప్లాట్‌ఫారం మీద నిలబడి, అడిగి, పరుగెత్తి సరైన దాని మీదికి రావడం కన్నా పెద్ద పాఠం నా దగ్గర లేదు. నేను సాయం చేయడానికి తొందరపడిన ప్రతిసారీ పిల్లల దగ్గర నుంచి ఆ పాఠం లాగేసుకున్నాను.

సరిహద్దు గురించి వాడికి ఎంత వివరంగా చెబితే అంత మంచిది. ఊహలో ఉన్న సరిహద్దుకు తుపాకులు, ముళ్ళకంచె, గద్దించే అధికారులు ఉంటారు, టీవీ వార్తల్లో చూపించేది అదే కాబట్టి. నేపాల్‌తో మన సరిహద్దు వేరు. 1950 ఒప్పందం తరువాత రెండు దేశాల పౌరులు వీసా లేకుండా రాకపోకలు చేస్తున్నారు. దాదాపు 1,750 కిలోమీటర్ల పొడవు, చాలాచోట్ల కంచె లేదు. రాళ్ళు పాతి, వాటి వెంట ఖాళీగా వదిలిన పట్టీని దస్‌గజా అంటారు, పది గజాలు అని. అక్కడి ఊళ్ళలో పొద్దున ఒక దేశంలో కూరగాయలు కొని ఇంకో దేశంలో వండుకునేవాళ్ళు ఉన్నారు. తనిఖీ ఉంటుంది, సంచి తెరవమంటారు, పేరు అడుగుతారు. మీ అబ్బాయి నిలబడి తన పేరు, తన ఊరు, ఎక్కడికి వెళ్తున్నాడో హిందీలో చెప్పడం అద్దం ముందు పదిసార్లు అలవాటు చేసుకుంటే చాలు. ఆరో తరగతి నుంచి హిందీ చదివాడు కదా, నేపాలీ రాసేది కూడా దేవనాగరి లిపిలోనే. బోర్డులు వాడు చదవగలడు. ఒక పరాయి దేశంలో దిగీదిగగానే బోర్డులు చదవగలగడం చిన్న సంగతి కాదు. ఈ మాట ముందుగా చెప్పకండి, అక్కడికి వెళ్ళి వాడే కనిపెట్టాలి.

విశాఖ పిల్లలకు ఇంకొకటి చూపించేవాడిని. నేపాల్‌కు సముద్రం లేదు. 2016లో కుదిరిన ఏర్పాటు ప్రకారం ఆ దేశానికి వెళ్ళే సరుకు మన రేవులో కూడా దిగుతుంది. కంటైనర్లు గూడ్సు రైలెక్కి బీర్‌గంజ్ దగ్గర ఉన్న డ్రై పోర్టుకు, అంటే సముద్రం లేని చోట సరుకు దింపుకునే రేవుకు, చేరతాయి. బయలుదేరే ముందు ఒక సాయంత్రం వాడిని రేవు వైపు తీసుకువెళ్ళి పేర్చి ఉన్న ఆ పెట్టెలను చూపించండి. వాడు వెళ్ళబోయే దారిలో మన ఊరి నుంచి ఇనుప పెట్టెలు కూడా వెళ్తున్నాయి. మా పిల్లలకు ఇది భలే నచ్చేది, బీర్‌గంజ్‌లో లారీ కనబడితే చాలు, "మన విశాఖదేమో" అని కేకలు వేసేవారు.

గడియారం సంగతి కూడా ఉంది. నేపాల్ కాలం మనకన్నా 15 నిమిషాలు ముందు. వంతెన దాటగానే గడియారాలు సరిచేయించే పని ఒక పిల్లవాడికి అప్పగించేవాడిని. డబ్బుకు కూడా లెక్క ఉంది: మన వంద రూపాయలకు వాళ్ళ 160, 1993 నుంచి ఇదే మారకం. దుకాణాల్లో ధర చెప్పి "ఐసీయా, ఎన్సీయా" అని అడుగుతారు, మన డబ్బా వాళ్ళ డబ్బా అని. మీ వాడికి లెక్కలు బాగా వచ్చునని రాశారు, జమాఖర్చుల పుస్తకం అప్పగిస్తే రోజుకు యాభైసార్లు ఆ గుణకారం చేస్తాడు. పెద్ద నోట్ల మీద అక్కడ చాలాకాలం ఆంక్షలుండేవి, వంద, యాభై నోట్లే ఇచ్చి పంపండి.

ఫోను గురించి నేను చేసిన తప్పు చెప్పాలి. ఒక ఏడాది, ఇల్లు వదలలేని ఇంకో పిల్లవాడికి "అక్కడ కూడా నీ ఫోను పనిచేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మతో మాట్లాడవచ్చు" అన్నాను. వాడిని బయలుదేరదీయాలనే తొందరలో, కనుక్కోకుండానే అన్నాను. సరిహద్దు దాటిన కాసేపటికి ఫోను మూగబోయింది. ఆ పిల్లవాడు బీర్‌గంజ్‌లో నేల మీద కూర్చుండిపోయాడు. అబద్ధం చెప్పిన మనిషిని ఇంకెందుకు నమ్మాలి? మూడు రోజులు నాతో మాట్లాడలేదు, ఆ మూడు రోజులూ వాడు ఒంటరిగా భయపడ్డాడు. అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకోకపోతే మన సిమ్ అక్కడ పనిచేయదు. లేదా అక్కడి సిమ్ కొనాలి, లేదా బసలో వైఫై ఉండాలి. వాడికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి: దారిలో కొన్ని గంటలు, ఒక్కోసారి ఒక పూటంతా మాట్లాడడం కుదరదు. రోజుకు ఒక్కసారి, రాత్రి భోజనం తరువాత, మాస్టారి ఫోను నుంచి. ఆ సమయానికి ఫోను రాకపోయినా అటువైపు కంగారు పడకూడదని, ఇటువైపు మీరు కూడా పడకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. మాట్లాడేటప్పుడు "బెంగగా ఉందా" అని అడగకండి. "ఇవాళ ఖర్చు ఎంతయింది" అని అడగండి.

బయలుదేరే రోజు స్టేషన్‌లో మీరు ఏడవవచ్చు, తప్పు లేదు. కానీ రైలు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడవద్దు. సామాను పెట్టించి, భుజం తట్టి, రైలు కదలకముందే మీరే వెనుదిరిగి జ్ఞానాపురం వైపు నుంచో ఇటు నుంచో బయటికి నడవండి. అమ్మ తనను వదిలి మామూలుగా నడిచి వెళ్ళగలుగుతోందని వాడు చూడాలి. కదిలే రైలు వెంట పరుగెత్తే అమ్మను చూసిన పిల్లలు హౌరా దాకా కుదుటపడరు. దీన్ని చాలామంది తల్లులు కఠినం అన్నారు, ఒకావిడ నాతో పోట్లాడింది కూడా. అయినా నా మాట మార్చుకోలేదు.

వాళ్ళ నాన్నగారికి ఒక్క మాట. "మగపిల్లవాడివి" అనడంతో పిల్లవాడికి ఉన్న భయానికి సిగ్గు కూడా తోడవుతుంది, భయపడినా చెప్పకుండా దాచుకోవడం నేర్చుకుంటాడు. చెప్పని భయంతో ఉన్న పిల్లవాడిని జట్టులో కనిపెట్టుకుని ఉండడం మాకు ఎంత కష్టమో ఆయనకు తెలియకపోవచ్చు. ఆయన తన జీవితంలో మొదటిసారి ఇల్లు వదిలిన రోజు ఏం జరిగిందో, అప్పుడు కడుపులో ఎలా ఉందో, కొడుకుకు నిజంగా చెబితే చాలు.

కొన్ని పరిస్థితుల్లో పంపకూడదు, అది కూడా చెప్పాలి. ఈ ఆరు వారాల్లో వాడు తిండి బాగా తగ్గించి బరువు కోల్పోతుంటే, బడికి, ఆటకు, స్నేహితుల దగ్గరికి కూడా వెళ్ళడం మానేస్తే, ఊపిరాడనట్టు గుండె దడ మళ్ళీమళ్ళీ వస్తుంటే, ముఖ్యంగా బతకాలని లేదనే మాట ఒక్కసారి అన్నా, ప్రయాణం సంగతి పక్కన పెట్టి వైద్యుడికి చూపించండి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. అక్కడికి వెళ్ళడం పిల్లవాడికి పేరు పెట్టడం కాదు, జ్వరానికి వెళ్ళినట్టే. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీ అబ్బాయి స్థితి అలా లేదు. పేరు తనే ఇచ్చాడు కదా. భయం వచ్చే ముందు వాడిలో వెళ్ళాలనుకున్నవాడు ఒకడున్నాడు, వాడు ఎక్కడికీ పోలేదు.

ఇక కాగితాలు. 15 నుంచి 18 ఏళ్ళ లోపు పిల్లలు నేపాల్ వెళ్ళడానికి, నిర్ణీత నమూనాలో బడి ప్రధానోపాధ్యాయుడు ఇచ్చే గుర్తింపు ధ్రువపత్రం చెల్లుతుంది. ఈ వయసువాళ్ళకు ఆధార్ ఒక్కటే సరిపోదు. పాస్‌పోర్టు ఉంటే ఏ పేచీ ఉండదు. కావాలంటే మర్రిపాలెంలోని కార్యాలయం మీకు దగ్గరే, పిల్లలకు తల్లిదండ్రులిద్దరి అంగీకార పత్రం అడుగుతారు కాబట్టి వాళ్ళ నాన్నగారిని కూడా సంతకం చేయమనండి. బడి ఇచ్చే పత్రాన్ని రెండు మూడు నకళ్ళు తీయించి ఒకటి మాస్టారికి ఇవ్వండి. అసలుది మాత్రం పెద్దవాళ్ళ సంచిలో పెట్టవద్దు. ప్లాస్టిక్ కవరులో వేసి, చొక్కా లోపలి జేబు కుట్టించి, అందులో పెట్టండి. ఆ జేబు వాడి చేతనే కుట్టించగలిగితే ఇంకా మంచిది.